ఒక్క గోలు వెనక లెక్క: భారత అండర్-17 ఫుట్‌బాల్ జట్టు రికార్డును ఎలా చదవాలి

ఫిఫా ప్రపంచకప్‌లలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్లన్నింటి రికార్డు కలిపి రాసినా ఒక్క వరుసలో సరిపోతుంది. మ్యాచులు 3, గెలుపులు 0, డ్రాలు 0, ఓటములు 3, కొట్టిన గోల్స్ 1, సమర్పించుకున్నవి 9. సీనియర్ జట్టు ప్రపంచకప్ మెట్టెక్కలేదు. అండర్-20 జట్టూ ఎక్కలేదు. 2017 అక్టోబరులో మన దేశమే ఆతిథ్యమిచ్చిన అండర్-17 ప్రపంచకప్‌లో ఆడిన 21 మంది కుర్రాళ్లు సంపాదించిన వరుస అది. అదీ ఆతిథ్య దేశం కాబట్టి నేరుగా దక్కిన చోటు. 1985లో చైనాలో అండర్-16 టోర్నీగా మొదలై, 1991 నుంచి అండర్-17గా సాగుతున్న ఈ పోటీ 2025 నాటికి 20 సార్లు జరిగింది. అందులో మనం కనిపించింది ఒక్కసారి.

ఈ వరుస చూసి మన పిల్లలకు ఫుట్‌బాల్ రాదని తేల్చేయడం తేలిక. కానీ యువ జట్టు రికార్డును సీనియర్ జట్టు రికార్డులా చదివితే పొరపాటు. సీనియర్ జట్టులో ఒకే ఆటగాడు పదేళ్లు, పదిహేనేళ్లు ఉంటాడు. ఓటమి నుంచి నేర్చుకుని మళ్లీ వస్తాడు. అండర్-17లో ఆ అవకాశం లేదు. 2017 టోర్నీకి 2000 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లే అర్హులు. 2019 టోర్నీకి 2002, 2023కు 2006, 2025కు 2008. జెర్సీ అదే, కోచ్ ఒక్కోసారి అతనే, పిల్లలు మాత్రం పూర్తిగా వేరు. అందుకే ఒక జట్టు ఓడిందన్నదానికన్నా, ఎవరితో ఓడింది, మ్యాచ్‌లో ఏ వేళ ఓడింది, ఆ మ్యాచ్‌కు ముందు ఆ కుర్రాడు ఎన్ని గట్టి మ్యాచులు ఆడాడు అన్నవి ముఖ్యం. ఆ దృష్టితో 1974 నుంచి 2025 చివరి దాకా ఉన్న లెక్కలు విప్పి చూస్తే, తొమ్మిది గోల్స్ కథ వేరేగా కనిపిస్తుంది.

ఢిల్లీలో ఏడు రోజులు

2017 అక్టోబరు 6, 9, 12. వేదిక ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. ప్రత్యర్థులు అమెరికా, కొలంబియా, ఘనా. ఫలితాలు 0-3, 1-2, 0-4.

ముందు గ్రూప్ బలం సంగతి. మనల్ని పక్కన పెడితే మిగతా మూడు జట్లూ ఒకరినొకరు ఓడించుకున్నాయి. ఘనా 1-0తో కొలంబియాను, అమెరికా 1-0తో ఘనాను, కొలంబియా 3-1తో అమెరికాను ఓడించాయి. చివరికి మూడింటికీ తలా 6 పాయింట్లు. మూడూ నాకౌట్‌కు వెళ్లాయి. అమెరికా, ఘనా క్వార్టర్‌ఫైనల్ దాకా ఆడాయి. అంటే ఆ గ్రూపులో మనకు తేలికైన మ్యాచ్ ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు ఆ తొమ్మిది గోల్స్ పడిన నిమిషాలు చూద్దాం. అమెరికా కొట్టినవి 30, 51, 84 నిమిషాల్లో. కొలంబియావి 49, 83. ఘనావి 43, 52, 86, 87. వీటిని వేళల వారీగా సర్దితే, 43 నుంచి 52వ నిమిషం మధ్య నాలుగు పడ్డాయి. 83 నుంచి 87 మధ్య మరో నాలుగు. ఈ రెండు గుంపుల్లోకీ రానిది ఒక్కటే, అమెరికా 30వ నిమిషంలో కొట్టిన పెనాల్టీ. అంటే మూడు మ్యాచుల్లోనూ తొలి నలభై నిమిషాల్లో, ఆట నడుస్తుండగా మన మీద గోల్ పడనే లేదు. విరామానికి కాస్త ముందు, విరామం అయిన వెంటనే, ఆట చివర్లో మాత్రం పడ్డాయి.

ఫుట్‌బాల్ నేర్పేవాళ్లకు ఈ వేళలు కొత్త కాదు. విరామం దగ్గర పడుతున్నప్పుడు, మళ్లీ మైదానంలోకి దిగిన తొలి నిమిషాల్లో ఏకాగ్రత చెదురుతుంది. 80 నిమిషాలు దాటాక కాళ్లు బరువెక్కుతాయి, డిఫెండర్ ఒక్క అడుగు ఆలస్యమవుతాడు. ఆ అడుగు అలవాటు శిక్షణ శిబిరంలో రాదు. సమానమైన ప్రత్యర్థితో, ఫలితం తేలని మ్యాచుల్లో, 85వ నిమిషం దాకా మళ్లీ మళ్లీ నిలబడినప్పుడే వస్తుంది. మనవాళ్ల దగ్గర లోటు నైపుణ్యం కన్నా ఈ అలవాటులోనే ఉందని ఆ నిమిషాలు చెబుతున్నాయి.

దీనికి అక్టోబరు 9 నాటి కొలంబియా మ్యాచ్‌ను మించిన సాక్ష్యం లేదు. మొదటి సగంలో రాహుల్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వచ్చింది. విరామం అయ్యాక నాలుగో నిమిషంలో పెన్యలోజా గోల్‌తో కొలంబియా ముందంజ వేసింది. 82వ నిమిషంలో మనకు కార్నర్. సంజీవ్ స్టాలిన్ బంతిని గోల్ ముందుకు ఎత్తి కొట్టాడు. మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్, అందరికన్నా పొడగరి, గాల్లోకి లేచి తలతో నెట్టాడు. ప్రపంచకప్‌లో భారత్ తొలి గోల్. స్టేడియం ఊగిపోయింది. కుర్రాళ్లు పరుగెత్తి కౌగిలించుకున్నారు, కేకలు ఇంకా చల్లారలేదు, ఆట మళ్లీ మొదలైంది. 83వ నిమిషంలో అదే పెన్యలోజా రెండో గోల్ కొట్టేశాడు. మన స్కోరు సమంగా ఉన్నది నిమిషం సేపు.

ఆ నిమిషంలో ఏం చేయాలో కొలంబియా కుర్రాళ్లకు తెలుసు. గోల్ ఇచ్చుకున్న వెంటనే ప్రత్యర్థి ఆనందంలో ఉన్నప్పుడు మీద పడాలి. ఆ పాఠం వాళ్లు దక్షిణ అమెరికా క్వాలిఫయింగ్ టోర్నీలో నేర్చుకుని వచ్చారు. మనవాళ్లకు ఆ పాఠం ప్రపంచకప్ వేదిక మీదే ఎదురైంది.

ఇంకో అంకె కూడా ఆ టోర్నీదే. 52 మ్యాచులకు కలిపి వచ్చిన ప్రేక్షకులు 13,47,133 మంది. అప్పటిదాకా ఏ అండర్-17 ప్రపంచకప్‌కూ అంతమంది రాలేదు. చూసేవాళ్లు లేక మన ఫుట్‌బాల్ ఎదగలేదనే వాదన నాకెప్పుడూ నిజమనిపించలేదు. ఈ లెక్క తర్వాత అసలే నిలవదు.

ఒకటి కొట్టి, ఒకటి ఇచ్చి

ఏడాది తిరక్కుండానే వేరే పిల్లలు వచ్చారు. 2018 సెప్టెంబరులో మలేసియాలో ఆసియా అండర్-16 ఛాంపియన్‌షిప్. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్. గ్రూపులో వియత్నాం, ఇరాన్, ఇండోనేసియా.

వియత్నాంపై 1-0. విక్రమ్ ప్రతాప్ సింగ్ ఆట చివర్లో పెనాల్టీని గోల్‌గా మలిచాడు. ఇరాన్‌తో 0-0. ఆ మ్యాచ్‌లో గోల్‌కీపర్ నీరజ్ కుమార్ పెనాల్టీని ఆపాడు. ఆతిథ్య ప్రేక్షకుల ముందు కాకపోయినా స్టాండ్స్ నిండా మద్దతున్న ఇండోనేసియాతో 0-0. మొత్తం 270 నిమిషాలు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 5 పాయింట్లతో, ఇరాన్‌ను ఇంటికి పంపి, 16 ఏళ్ల తర్వాత భారత్ క్వార్టర్‌ఫైనల్‌కు చేరింది.

క్వార్టర్స్‌లో ప్రత్యర్థి దక్షిణ కొరియా. గెలిస్తే 2019 అండర్-17 ప్రపంచకప్‌లో చోటు. ఆతిథ్య హోదాతో దక్కే చోటు కాదు, ఆడి గెలుచుకునే చోటు. రెండో సగంలో జియోంగ్ సాంగ్-బిన్ కొట్టిన గోల్‌తో కొరియా 1-0తో గెలిచింది. టోర్నీ మొత్తంలో మనం కొట్టింది 1, ఇచ్చింది 1.

2017లో 1-9, 2018లో 1-1. కొట్టిన గోల్స్ మారలేదు. ఇచ్చినవి మాత్రం తొమ్మిది నుంచి ఒకటికి పడిపోయాయి. బిబియానో పిల్లలు వెనక గోడ కట్టి, ఎదురుదాడి కోసం ఓపికపట్టి ఆడారు. ఆ ఓపికకు నాకు ఇప్పటికీ గౌరవమే. అయితే నాలుగు మ్యాచుల్లో ఒక్క పెనాల్టీ తప్ప గోల్ లేకపోవడం కూడా ఆ రికార్డులోనే ఉంది. మనల్ని ఓడించిన కొరియాను ఆ తర్వాత సెమీస్‌లో తజికిస్తాన్ పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. అప్పటికి కోటి కూడా లేని జనాభా ఆ దేశానిది.

వాకిలి ఎంత వెడల్పు?

యువ జట్ల రికార్డును చదివేటప్పుడు చాలామంది వదిలేసే అంకె ఒకటుంది. ప్రపంచకప్‌లో ఖండానికి ఎన్ని చోట్లు అన్నది.

2023 వరకు అండర్-17 ప్రపంచకప్‌లో 24 జట్లు. ఆసియాకు 4 చోట్లు. ఆసియా టోర్నీలో 16 జట్లు ఆడితే సెమీస్ చేరిన నాలుగే ముందుకు. 2025 నుంచి ప్రపంచకప్‌లో 48 జట్లు, ఐదేళ్ల పాటు ఏటా ఖతర్‌లోనే. ఆతిథ్య ఖతర్ కాక ఆసియాకు 8 చోట్లు. ఆసియా టోర్నీలో ఆడేవి ఇప్పటికీ 16 జట్లే, నాలుగేసి జట్ల నాలుగు గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లకు ప్రపంచకప్ చోటు ఖాయం.

ఈ కొత్త నియమాన్ని 2018కి తగిలించి చూడండి. ఆ గ్రూపులో మొదటి రెండు జట్లలో భారత్ ఒకటి. కొరియాతో ఆ క్వార్టర్‌ఫైనల్ ఆడకముందే మన కుర్రాళ్లు ప్రపంచకప్‌కు వెళ్లినట్టే. అదే ఆట, అవే స్కోర్లు, అవే 5 పాయింట్లు. నాడు ఓటమి పద్దులో రాసుకున్నది నేడైతే భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆడి గెలుచుకున్న మొదటి ప్రపంచకప్ అర్హతగా నమోదయ్యేది.

కానీ వాకిలి వెడల్పు చేసిన మొదటి ఏడాదే మనం దాని దాకా వెళ్లలేకపోయాం. 2024 అక్టోబరులో థాయ్‌లాండ్‌లో జరిగిన అర్హత పోటీల్లో బ్రూనైపై 13-0తో గెలిచిన జట్టు, ఆతిథ్య థాయ్‌లాండ్‌తో 2-3తో ఓడింది. గ్రూపులో రెండో స్థానం. ఉత్తమ రెండో స్థానాల్లోనూ చోటు దక్కలేదు. పదమూడు గోల్స్ రికార్డు పుస్తకంలో బాగానే కనిపిస్తాయి. అసలు లెక్క తేలింది మాత్రం ఆ ఒక్క గోల్ తేడా దగ్గరే.

పరీక్షే లేకుండా పోయిన బ్యాచ్

2018కీ 2023కీ మధ్య ఒక జట్టు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2004లో, ఆ తర్వాత పుట్టిన పిల్లలు. 2019 సెప్టెంబరులో తాష్కెంట్‌లో అర్హత పోటీలు. తుర్క్‌మెనిస్తాన్‌పై 5-0. బహ్రెయిన్‌పై 5-0. ఆతిథ్య ఉజ్బెకిస్తాన్‌తో 1-1. మూడు మ్యాచుల్లో కొట్టినవి 11, ఇచ్చింది 1. ఉజ్బెక్‌లను గోల్ తేడాతో వెనక్కి నెట్టి గ్రూపులో మొదటి స్థానం.

గత ఇరవై ఏళ్లలో మన యువ జట్లు ఆడిన అర్హత పోటీల్లో ఇంత నమ్మకంగా ఆడింది అరుదు. 2020లో ఆ జట్టు ఆసియా టోర్నీ ఆడాల్సింది. కోవిడ్ వచ్చింది. టోర్నీ మొదట వాయిదా పడింది, తర్వాత రద్దయింది. 2021లో పెరూలో జరగాల్సిన అండర్-17 ప్రపంచకప్ కూడా రద్దే. ఆ పిల్లలకు పదహారు దాటింది, పదిహేడు దాటింది. వయసు గీత దాటాక మళ్లీ అవకాశమన్నది ఉండదు. వాళ్ల రికార్డు 11-1 దగ్గరే ఆగిపోయింది. ఓడిన జట్టు గురించి బాధపడటానికి ఒక స్కోరైనా ఉంటుంది. వీళ్లకు అదీ లేదు.

ఎనిమిది, నాలుగు

2023 జూన్‌లో థాయ్‌లాండ్‌లో ఆసియా అండర్-17 కప్. వియత్నాంతో 1-1, ఉజ్బెకిస్తాన్‌తో 0-1, జపాన్‌తో 4-8. ఐదు కొట్టారు, పది ఇచ్చారు.

జపాన్ ఆ ఏడాది ఛాంపియన్. ఫైనల్‌లో కొరియాను 3-0తో ఓడించింది. అలాంటి జట్టు మీద మన కుర్రాళ్లు నాలుగు గోల్స్ నమోదు చేశారన్నది చిన్న సంగతి కాదు. 2018 జట్టు నాలుగు మ్యాచుల్లో కొట్టింది ఒక్కటే కదా. వెనక మాత్రం 2018 నాటి గోడ లేదు. ఒకసారి గోల్ పోకుండా కాపాడుకోవడం నేర్చుకుని, ఇంకోసారి కొట్టడం నేర్చుకుని, రెండూ ఒకే జట్టులో కుదరక మనం ప్రతిసారీ ఒక అడుగు ఇవతలే ఉండిపోతున్నాం.

రెండూ ఒకే జట్టులో ఎలా కుదురుతాయో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ అండర్-18 వాళ్లకు ప్రిన్స్ తకమడో పేరిట లీగ్ ఉంది. పై అంచెలో తూర్పు, పడమర అని రెండు విభాగాలు, ఒక్కోదానిలో 12 జట్లు. ప్రతి జట్టూ మిగతా 11తో సొంత ఊళ్లో ఒకసారి, బయట ఒకసారి. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా 22 మ్యాచులు. కింద ప్రాంతీయ లీగులు, వాటి కింద జిల్లా స్థాయి లీగులు. గెలిస్తే పైకి, ఓడితే కిందికి. అందులో ప్రొఫెషనల్ క్లబ్బుల అకాడమీ జట్లతో పాటు హైస్కూలు జట్లూ ఉంటాయి. పదహారేళ్ల కుర్రాడు ఏ శనివారమో ఆదివారమో, కింది అంచెకు జారిపోయే ప్రమాదంలో ఉన్న జట్టు కోసం 85వ నిమిషంలో బంతి కాపాడుకోవడం నేర్చుకుంటాడు. జాతీయ జట్టు కోచ్‌కు ఆ కుర్రాడు అప్పటికే సగం తయారై వస్తాడు.

మన పద్ధతి చాలాకాలం దీనికి వ్యతిరేకం. దేశమంతా ట్రయల్స్ పెట్టి పిల్లల్ని ఏరి, ఒక చోట శిబిరంలో ఉంచి, విదేశీ టూర్లకు తీసుకెళ్లి జట్టు కట్టడం. 2017 జట్టుకు జరిగింది అదే. శిబిరంలో పిల్లలు బాగా తయారవుతారు, కానీ ప్రతిరోజూ ఆడేది తమలో తమే. ఇప్పుడు అండర్-13, అండర్-15, అండర్-17 జాతీయ లీగులున్నాయి. అది మంచి మలుపే. అయితే చాలా జట్లకు ప్రాంతీయ దశలోనే సీజన్ ముగుస్తుంది. ఏడాదిలో మిగతా నెలలు ఆ పిల్లాడు ఎవరితో పోటీపడుతున్నాడు? నా దృష్టిలో భారత అండర్-17 రికార్డు మొత్తాన్ని వివరించే ప్రశ్న ఇదే.

దక్షిణాసియా టోర్నీ లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ వయసు విభాగంలో శాఫ్ టైటిల్ 2019, 2022, 2023, 2024, 2025, వరుసగా ఐదు సార్లు మనదే. 2019లో కల్యాణిలో నేపాల్‌పై ఫైనల్ 7-0. 2025లో కొలంబోలో బంగ్లాదేశ్‌పై పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లింది. ట్రోఫీలు సంతోషమే. కానీ 7-0 మ్యాచ్‌లో మన డిఫెండర్ ఏం నేర్చుకున్నాడు? నా లెక్కలో 2025 నాటి షూటౌటే ఆ పిల్లలకు ఎక్కువ ఉపయోగపడింది.

మణికట్టు చెప్పే వయసు

యువ జట్ల రికార్డుల మీద ఎప్పుడూ ఒక అనుమానపు నీడ ఉంటుంది. వయసు దాచి ఆడించడం. దాన్ని ఆపడానికి ఫిఫా 2009 నైజీరియా టోర్నీ నుంచి అండర్-17లో ఎంఆర్‌ఐ పరీక్ష తెచ్చింది. ఎడమ మణికట్టు దగ్గర ముంజేతి ఎముక చివర ఎదుగుదల పొర ఉంటుంది. ఎదిగే వయసులో అది విడిగా కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఎముకలో కలిసిపోతుంది. ఆ కలయికను ఆరు దశలుగా చూస్తారు. ఆరో దశ, అంటే పూర్తిగా కలిసిపోయిన స్థితి, పదిహేడు నిండని కుర్రాడిలో చాలా అరుదు. అది కనిపిస్తే ఆ ఆటగాణ్ని పక్కన పెడతారు. మన దేశంలో జూనియర్ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు లెక్కగట్టే టీడబ్ల్యూ3 పద్ధతి వాడుతున్నారు.

వయసు గీత వల్ల ఇంకో అన్యాయమూ ఉంది, దానికి ఏ పరీక్షా లేదు. జనవరిలో పుట్టిన పిల్లాడూ డిసెంబరులో పుట్టిన పిల్లాడూ ఒకే బ్యాచ్. పద్నాలుగేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో, బరువులో, వేగంలో బాగా తేడా. ట్రయల్స్‌లో పెద్దగా కనబడే పిల్లాణ్ని తీసుకోవడం సహజం. ప్రపంచమంతా యువ జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. ఒక్క రోజు ట్రయల్‌తో ఏరే చోట ఈ తప్పు ఇంకా ఎక్కువ. సీజన్ పొడవునా ఆడే లీగులో చిన్నవాడికి కూడా తన బుర్ర చూపించుకునే సమయం దొరుకుతుంది.

గెలిస్తే ఏమొస్తుంది?

యువ ట్రోఫీలకూ సీనియర్ ట్రోఫీలకూ సంబంధం ఉందా? నైజీరియా అండర్-17 ప్రపంచకప్‌ను ఐదు సార్లు గెలిచింది, అందరికన్నా ఎక్కువ. 1985, 1993, 2007, 2013, 2015. దాని సీనియర్ జట్టు ప్రపంచకప్‌లో ప్రీక్వార్టర్స్ దాటలేదు. అర్జెంటీనా అండర్-17 ప్రపంచకప్‌ను ఒక్కసారీ గెలవలేదు. సీనియర్ ప్రపంచకప్ మూడుసార్లు గెలిచింది. జర్మనీ నాలుగు సీనియర్ కప్పులు గెలిచాక, 2023లోగానీ అండర్-17 కప్పు అందుకోలేదు.

కాబట్టి యువ జట్టు అసలు ఫలితం ఐదారేళ్లకు తేలుతుంది. 2017 నాటి 21 మందిలో అమర్‌జిత్ సింగ్, సురేశ్ సింగ్, జీక్సన్ సింగ్, అన్వర్ అలీ, లాలెంగ్మావియా, రహీమ్ అలీ సీనియర్ జట్టుకు ఆడారు. సురేశ్ 2021 శాఫ్ ఫైనల్‌లో నేపాల్‌పై గోల్ కొట్టాడు. ప్రపంచకప్‌లో మూడు మ్యాచులూ ఓడిన జట్టు నుంచి కనీసం ఆరుగురు సీనియర్లు రావడం తక్కువేం కాదు.

ఆ జట్టు గురించి గుర్తుపెట్టుకోవలసిన మరో ఫలితం 2018 ఆగస్టుది. స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో కోటిఫ్ కప్. 2017 బ్యాచ్ కుర్రాళ్లతో నిండిన మన అండర్-20 జట్టు, అర్జెంటీనా అండర్-20 జట్టును 2-1తో ఓడించింది. దీపక్ టంగ్రీ ఒకటి, అన్వర్ అలీ ఫ్రీకిక్‌తో ఒకటి. రెండో సగంలో చాలాసేపు మనవాళ్లు పది మందితోనే ఆడారు. ఆ అర్జెంటీనా జట్టు కోచ్ లియోనెల్ స్కలోనీ, నాలుగేళ్ల తర్వాత ఖతర్‌లో ప్రపంచకప్ ఎత్తినవాడు. పది నెలల కింద ఢిల్లీలో చివరి నిమిషాల్లో కూలిపోయిన పిల్లలే పది మందితో ఆ ఆధిక్యాన్ని కాపాడుకున్నారు. ఆ పది నెలల్లో వాళ్లలో చాలామంది ఇండియన్ యారోస్ జట్టుగా ఐ-లీగ్‌లో పెద్దవాళ్లతో పూర్తి సీజన్ ఆడారు. ఈ వరస యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఎనిమిది మంది, సున్నా మంది

2017 జట్టులో 21 మందికి 8 మంది మణిపూర్ కుర్రాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం మణిపూర్ జనాభా 28.56 లక్షలు, దేశంలో నాలుగో వంతు శాతం కూడా కాదు. జట్టులో వాటా 38 శాతం. కెప్టెన్ అమర్‌జిత్, గోల్ కొట్టిన జీక్సన్ తౌబాల్ జిల్లాలో ఒకే ఊరివాళ్లు, దగ్గరి బంధువులు కూడా.

అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు, దేశంలో 7 శాతం. 21 మందిలో మన రెండు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు.

ఈ సున్నా బాధపెట్టేది గతం తెలిసినవాళ్లకే. భారత యువ జట్టు ఆసియా స్థాయిలో గెలిచిన ఏకైక టైటిల్‌కు నాయకుడు హైదరాబాదీ. 1974 ఏప్రిల్ 30న బ్యాంకాక్‌లో ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఇరాన్‌తో 2-2. ట్రోఫీని రెండు దేశాలూ పంచుకున్నాయి. కెప్టెన్ షబ్బీర్ అలీ. ఆ తర్వాత కలకత్తా మైదానాలను ఏలి, 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్న తొలి ఫుట్‌బాలర్ ఆయనే. ఫిఫా యూత్ ప్రపంచకప్ 1977లో గానీ మొదలు కాలేదు. అంటే ఆసియా ఛాంపియన్లుగా నిలిచిన ఆ కుర్రాళ్లకు వెళ్లడానికి ప్రపంచ టోర్నీయే లేదు.

షబ్బీర్ అలీ ఒక్కడే ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. హైదరాబాద్ 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు. నగరంలో లీగ్ బలంగా ఉన్నన్నాళ్లు ఆటగాళ్లు వచ్చారు. లీగ్ చిక్కిపోయింది, ఆటగాళ్లూ తగ్గారు. మణిపూర్‌లో పేటపేటకూ క్లబ్బు, క్లబ్బుకూ క్లబ్బుకూ పోటీ ఇప్పటికీ బతికున్నాయి. 38 శాతానికీ సున్నాకూ మధ్య నాకు కనబడే పెద్ద తేడా అదే.

అహ్మదాబాద్ రాత్రి

2025 నవంబరు 30. అహ్మదాబాద్‌లో 2026 ఆసియా అండర్-17 కప్ అర్హత పోటీల చివరి మ్యాచ్. ఈసారి ఉత్తమ రెండో స్థానాల వెసులుబాటు లేదు, గ్రూప్ విజేతకే చోటు. అప్పటికి మన లెక్క: పాలస్తీనాతో 1-1, చైనీస్ తైపేపై 3-1, లెబనాన్ చేతిలో 0-2. ఎదురుగా ఇరాన్. గెలిస్తేనే ముందుకు.

ఇరాన్ మొదట గోల్ కొట్టింది. విరామానికి సరిగ్గా ముందు మనవాళ్లు పెనాల్టీతో సమం చేశారు. విరామం అయిన కాసేపటికి, 52వ నిమిషంలో, రెండో గోల్. 2017లో మనల్ని ముంచిన ఆ పది నిమిషాల్లోనే ఈసారి మన కుర్రాళ్లు రెండు గోల్స్ కొట్టారు. ఆ తర్వాత చివరి విజిల్ దాకా ఇరాన్ ఎంత ఒత్తిడి తెచ్చినా గోల్ ఇవ్వలేదు. 2-1. కోచ్ మళ్లీ బిబియానోనే. నాలుగు మ్యాచుల్లో కొట్టినవి 7, ఇచ్చినవి 5.

అమ్మాయిల జట్లూ అదే ఏడాది తలుపు తట్టాయి. 2022లో భువనేశ్వర్‌లో ఆతిథ్య హోదాతో ఆడిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో అమెరికాతో 0-8, మొరాకోతో 0-3, బ్రెజిల్‌తో 0-5. మొత్తం 0-16. మూడేళ్లకు, 2025 ఆగస్టులో అండర్-20 అమ్మాయిలు యాంగోన్‌లో మయన్మార్‌ను 1-0తో, అక్టోబరులో అండర్-17 అమ్మాయిలు బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌లకు అర్హత సాధించారు. ఆతిథ్యం వల్ల దక్కినవి కావు ఇవి.

ఖతర్‌లో జరిగే ఐదు టోర్నీల్లో చివరిది 2029లో. దానికి 2012 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు అర్హులు. అంటే ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలు. అనంతపురంలో, హైదరాబాద్ పాతబస్తీలో, విశాఖలో సాయంత్రం బంతి తన్నే ఆ వయసు పిల్లాడు ఈ ఏడాది గట్టి ప్రత్యర్థితో పూర్తి మ్యాచులు ఎన్ని ఆడతాడు? జపాన్‌లో పై అంచె లీగులో ఆ సంఖ్య 22. మన రెండు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలు తమ వయసు విభాగాల లీగుల్లో ఒక్కో జట్టు ఆడిన మ్యాచుల సంఖ్యను ఏటా జూన్‌లో బయటపెడితే చాలు, 2029 జట్టులో మనవాళ్లు ఉంటారో లేదో మూడేళ్లు ముందే చెప్పొచ్చు.